స్కేట్లు చూసి చెప్పిన మాట

ఆ ఏడు మే నెలలో మా అల్లుడు రే డఫీ నన్ను ఒక మాట అడిగాడు. నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పాను. మా ఇంట్లో జరిగినదంతా ఆ ముక్క వెనకాలే జరిగింది.

మాది టామరాక్, చలిదేశంలో ఉత్తరాన అడవుల మధ్య ఊరు. ఒక కాగితం మిల్లు, రెండు చర్చిలు, ఒక రింకు. ఆ రింకులో మంచు మీద హాకీ ఆడే కుర్రాళ్ళ జట్టుకి రే కోచ్. మా అమ్మాయి ఇర్మా టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చునేది. నేను వెనక గదిలో స్కేట్ల అడుగున ఉండే బ్లేడ్లు నూరేవాణ్ణి. బయటి ఊళ్ళ నుంచి వచ్చి ఆడే కుర్రాళ్ళలో ఒకడికి మా ఆవిడ హిల్యా ఏటా ఇంట్లో మంచమూ తిండీ ఇచ్చేది. కింద మేమిద్దరం, మేడ మీద అమ్మాయీ అల్లుడూ. నలుగురమూ ఆ మంచు మీదే బతుకుతున్నాం.

జట్టు రెండేళ్ళుగా అట్టడుగున ఉంది. కమిటీ పెద్ద మెక్‌ఫీకి ఇనప సామాన్ల కొట్టు. మనిషి మంచివాడే, దాపరికం లేదు. ఒకరోజు రింకుకి వచ్చి రేకి మొహాన్నే చెప్పాడు.

"వచ్చే మార్చికి మొదటి నాలుగు జట్లలో ఉండాలయ్యా. లేకపోతే దక్షిణాన పెద్ద ఊరివాళ్ళు జట్టుని కొనుక్కుపోతారు. గుమ్మంలో కాచుక్కూర్చున్నారు. నేనాపలేను."

అట్టడుగు జట్టుకి ఒక్కటే లాభం. డ్రాఫ్టులో మొదటి పిలుపు దానిది. పదహారేళ్ళు నిండిన కుర్రాళ్ళని ఏటా జట్లు వంతులవారీగా పేరు పిలిచి తీసుకుంటాయి. ఒకసారి పిలిస్తే ఆ కుర్రాడు వాళ్ళవాడే. మొదటి పిలుపుకి మంచివాడు దొరికితే జట్టు లేస్తుంది, లేకపోతే ఇంక లేవదు.

చలికాలమంతా చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళని చూసిరావడం కూడా నా పనే. పదేళ్ళుగా నాదే. వెళ్ళొచ్చి, ఊరి పేరు మీద ఒక చీటీ రాసి రేకి ఇచ్చేవాణ్ణి. బాగున్నవాడుంటే వాడి పేరు. లేకపోతే "ఎవరూ లేరు" అని. అంతకు మించి రాయడం నాకు చేతకాదు, అవసరమూ లేదు. రే ఆ చీటీలన్నీ బూట్ల అట్టపెట్టెలో దాచేవాడు.

నా పద్ధతి వేరు. ఆట కన్నా ముందు స్కేట్లు చూస్తాను. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి "ఇవ్వండ్రా, నూరిపెడతాను" అంటే ఏ కుర్రాడూ కాదనడు. నూరేముందు బ్లేడు మీద బొటనవేలు పెట్టి చూస్తాను. బ్లేడుకి లోపలంచు, బయటంచు ఉంటాయి. లోపలంచే అరిగితే వాడు మామూలువాడు, ఊరికి పదిమంది ఉంటారు. రెండంచులూ సమంగా అరిగితే, వాడు ముందుకి ఎంత సుళువుగా పోతాడో వెనక్కీ అంత సుళువుగా పోతాడు. అలాంటివాణ్ణి దాటుకుని గోలు దాకా పోవడం కష్టం. ఆట ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. ఉక్కు మాత్రం అబద్ధం చెప్పదు. అలాగని నేననుకునేవాణ్ణి.

ఆ చలికాలం ఇద్దరు తేలారు. ఒకడు లూసియెన్ బోడ్రీ, ఫార్వర్డ్. నేను చూసిన రోజు మూడు గోల్స్ కొట్టాడు. వాడి తండ్రి ఏడాదికో కొత్త జత కొంటాడట, బ్లేడు మీద చదవడానికి ఏమీ లేదు. రెండోవాడు గోల్డ్ పైన్ అనే గనుల ఊరివాడు, ఒరెస్ట్ హలుష్కా, డిఫెన్స్. వాడి స్కేట్లు నూరుడు రాయి మీద పెట్టబోయి ఆగిపోయాను. అలా సమంగా అరిగిన అంచుల్ని ముప్ఫై ఏళ్ళలో రెండోసారి చూస్తున్నాను. తోలు మెత్తబడిపోయింది, ఉక్కు సగమైంది. ఆ రోజు కుర్రాడు ఆడింది చప్పటి ఆట. రెండుసార్లు జారిపడ్డాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. చీటీ మీద వాడి పేరు రాసి కింద గీత కూడా గీశాను. పదేళ్ళలో అదే మొదటి గీత.

డ్రాఫ్టు టెలిఫోను మీద జరిగేది. ఎనిమిది జట్లు ఒకే లైన్లో ఉంటాయి. రింకు ఆఫీసులో రే రిసీవరు పట్టుకున్నాడు. ఇర్మా పక్కన పేర్ల కాగితంతో నిలబడింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అవతలి గొంతు "టామరాక్, మీకు రెండు నిమిషాలు" అంది. రే రిసీవరు చేత్తో మూశాడు.

"మావయ్యా, ఫార్వర్డా, డిఫెన్సా?"

నేను తలుపుకి ఆనుకున్నాను.

"గోల్ కొట్టేవాణ్ణి తెండి," అంది ఇర్మా. "జనం గోల్ చూడ్డానికి టిక్కెట్టు కొంటారు గానీ, గోల్ ఆపేవాణ్ణి చూడ్డానికి ఎవడు కొంటాడు?"

"నువ్వుండవే."

"నేనెందుకుంటాను? కిటికీలో కూర్చునేది నేను. ఖాళీ బెంచీలు లెక్కపెట్టేది నేను."

"మీ నాన్న పదేళ్ళుగా చూస్తున్నాడు," అన్నాడు రే. "ఎంత మంచు పడ్డా ఒక్క ఊరు వదల్లేదు. ఆయన చెప్పాలి. చెప్పండి మావయ్యా."

నేను గోడ మీది గడియారం వైపు చూశాను.

"డిఫెన్స్," అన్నాను.

రే ఇంకేమీ అడగలేదు. చెయ్యి తీసి, "ఒరెస్ట్ హలుష్కా, గోల్డ్ పైన్," అన్నాడు. లైన్లో ఎవరో నవ్వారు. తర్వాతి జట్టు రెండు నిమిషాలు కాదు, రెండు సెకన్లు కూడా ఆగకుండా లూసియెన్ బోడ్రీ పేరు చెప్పింది.

సెప్టెంబరులో ఒరెస్ట్ మా ఇంటికి వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో వాళ్ళమ్మ ఊరవేసి పంపిన బీట్‌రూట్ సీసా. పొడుగు మనిషి, తలుపు దాటేటప్పుడల్లా తల వంచేవాడు, తగలకపోయినా సరే. హిల్యా వాడి ముందు చేపల పులుసు, రై రొట్టె పెట్టింది.

"తినరా. ఈ ఇంట్లో మొహమాటపడితే మాడిచస్తావు. ఆ ముసలాయన్ని చూసి నేర్చుకోకు. ఆయన ఉప్పు కావాలన్నా కళ్ళతోనే అడుగుతాడు. నలభై ఏళ్ళు కాపురం చేశాను గనక నాకు తెలుస్తుంది. నీకు తెలీదు."

కుర్రాడు నవ్వాడు. "మొదటి పేరు నాదవుతుందని మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు అమ్మమ్మా. మా కోచ్ రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాడు, పొరపాటు పడ్డారేమోనని."

"పొరపాటు పడే మనిషి కాదు మీ తాత. మాట్లాడితే గదా పొరపాటు పడ్డానికి."

జట్టు తరఫున వాడికి కొత్త స్కేట్లు ఇచ్చారు. ఆరు వారాలు గడిచాయి. మొదటి తొమ్మిది ఆటల్లో ఏడు పోయాయి. కుర్రాడు అందరికన్నా ముందు వచ్చేవాడు, అందరికన్నా ఆఖర్న పోయేవాడు. అయినా అవతలి ఫార్వర్డ్ బయటివైపు నుంచి కాస్త వేగం చూపిస్తే చాలు, వీడు తిరిగేలోపు దాటిపోయేవాడు. కొత్త ఊరు, కొత్త జట్టు, కుదురుకుంటాడులే అని రే అందరికీ చెప్పేవాడు. నేనూ అలాగే అనుకున్నాను. అక్టోబరు ఆఖర్లో వాడి స్కేట్లు నా బల్ల మీదికి వచ్చాయి. బొటనవేలు పెట్టాను.

లోపలంచు అరిగిపోయి ఉంది. బయటంచు కొట్లోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రెండు కాళ్ళదీ అంతే.

గుడ్డతో తుడిచి మళ్ళీ చూశాను. తర్వాత వాణ్ణి పిలిచాను.

"గోల్డ్ పైన్‌లో నేను నూరిన జత ఏది?"

"ఏ జత తాతా?"

"ఫిబ్రవరిలో. నేను వచ్చిన రోజు."

"ఓ, అవా. అవి డానిలోవి. మా అన్నవి. ఆ వారం నా బ్లేడు విరిగింది. మీరొస్తున్నారని అన్న తనవి ఇచ్చాడు. రెండు సైజులు పెద్దవి, రెండేసి మేజోళ్ళు తొడుక్కున్నా జారిపోయాయి. ఆ రోజు ఎంత చెత్తగా ఆడానో. అయినా మీరు నన్నే తీసుకున్నారు."

"నాకు చెప్పలేదే."

"మీరు అడగలేదు తాతా."

నిజమే, అడగలేదు. మా అన్నకీ నాకూ కలిపి చిన్నప్పుడు ఒకటే జత బూట్లు. వాడు వేసుకుని బడికి పోతే నేను ఇంట్లో. మూడేళ్ళు వంతులేసుకుని, తర్వాత మానేశాను. వాడు వదిలేశాక ఆ బూట్లే తొడుక్కుని అడవిలో చెట్లు కొట్టే పనికి పోయాను. లోపల వాడి కాలివేళ్ళ గుంటలు ఉండేవి. నా వేళ్ళు ఏనాడూ ఆ గుంటల్లో సరిగ్గా పడలేదు. ఆ రోజు గోల్డ్ పైన్‌లో నా ఎదురుగా కూర్చున్నది గనిపనివాళ్ళ పిల్లలు. ఈ జత నీదేనట్రా అని అడగాల్సిన మనిషి ఎవడైనా ఉంటే అది నేను.

స్కేట్లు నూరి ఇచ్చేశాను. రేకి ఏమీ చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే నవంబరు వచ్చింది, సరస్సు గడ్డకట్టింది. ఆపైన చెప్పినా చెయ్యగలిగిందేమీ లేకపోయింది.

జనవరిలో లూసియెన్ బోడ్రీ వాళ్ళ కొత్త జట్టుతో మా రింకుకి వచ్చాడు. ఆ ఏడాది మొత్తం మీద మా బెంచీలు నిండింది ఆ ఒక్కరోజే. వాడు నాలుగు గోల్స్ కొట్టాడు. మూడు ఒరెస్ట్‌ని దాటుకుని పోయి కొట్టినవే, మూడూ బయటివైపు నుంచే. మూడోదానికి మిల్లువాళ్ళు కూర్చునే వరసలోంచి ఒకడు లేచాడు.

"ఏం డఫీ, ఈ కంచెగుంజని ఎక్కడ పీక్కొచ్చావయ్యా?"

ఇంకొకడు అందుకున్నాడు. "గుంజని అనకురా పాపం. గుంజయితే కనీసం పడిపోకుండా నిలబడుతుంది."

రే పళ్ళబిగువున తల ఎత్తకుండా నిలబడ్డాడు. టిక్కెట్ల కిటికీ మూసేసి వచ్చిన ఇర్మా నా పక్కనే ఉంది. నా వైపు చూడలేదు. చూసి ఒక మాట అనేస్తే బాగుండేది.

ఆట అయ్యాక ఒరెస్ట్ నా గదికి వచ్చాడు. చెమట ఆరలేదు.

"ఇంకాస్త లోతుగా నూరండి తాతా. మంచు పట్టు దొరకట్లేదు."

నూరితే కాళ్ళు మారవురా అని నాకు తెలుసు. "సరే," అన్నాను. రాయి తిప్పాను. నిప్పురవ్వలు లేస్తుంటే వాడు చూస్తూ నిలబడ్డాడు.

"ఒకటడగనా? మీరు నాలో ఏం చూశారు?"

రాయి తిప్పడం ఆపాను. ఆగాక కూడా వాడు కదల్లేదు.

"చూశాను," అన్నాను.

వాడు తల ఊపాడు. చాలినట్టుంది. మర్నాడు తెల్లవారకముందే లేచి సరస్సు మీద ఒక్కడే వెనక్కి తిరిగి తిరిగి పడుతూ లేస్తూ ఉంటే, హిల్యా వంటింటి కిటికీలోంచి చూసింది.

"పోయి చెప్పవయ్యా వాడికి, చాలించమని. కాళ్ళు విరగ్గొట్టుకుంటాడు."

నేను కాఫీ తాగాను.

"నీ నోటికి కూడా ఒక నూరుడు రాయి కొనాల్సింది నేను," అంది.

మార్చి రెండోవారంలో ఆఖరి ఆట పోయింది. జట్టు మళ్ళీ అట్టడుగునే. కమిటీ మంగళవారం కూర్చుంది, గురువారానికి కాగితాలయ్యాయి. మెక్‌ఫీ రింకుకి వచ్చి రే చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు గానీ ఏం లాభం. కొన్నవాళ్ళకి వాళ్ళ కోచ్ ఉన్నాడు, వాళ్ళ టిక్కెట్ల మనుషులున్నారు. స్కేట్లు నూరేదానికి మిషను ఉందట, మీట నొక్కితే అదే నూరుతుందట. మా కుర్రాళ్ళలో పదకొండు మందిని తీసుకున్నారు. ఒరెస్ట్‌ని వద్దన్నారు.

ఆ మాట రే చెప్పాలి. చెప్పాడు. వాడు విని, "థాంక్యూ సార్," అన్నాడట. రే ఇంటికొచ్చి, కోటు విప్పకుండా వంటింట్లో కూర్చుని, ఆ థాంక్యూ గురించి హిల్యాకి రెండుసార్లు చెప్పాడు.

వాణ్ణి గోల్డ్ పైన్‌లో దిగబెట్టడానికి నేను వెళ్ళాను. నూట అరవై మైళ్ళు. ఇంగ్లిస్ కూడలి దగ్గర ఒక కాఫీ కొట్టుంది. అది దాటాక ఊరేదీ లేదు, రెండువైపులా అడవే. కొట్టు దాటేటప్పుడు వాడు అన్నాడు.

"ఆగుదామా తాతా? ఇక్కడ బ్లూబెర్రీ పై ముక్క బాగుంటుందంటారు."

"బాగుంటుంది," అన్నాను. ఆపలేదు.

వాళ్ళమ్మ ఇంట్లో లేదు. ఒరెస్ట్ సంచీ గుమ్మంలో పడేసి నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. సరస్సు మూలన మంచు ఊడ్చి రింకు చేసుకున్నారు. పగటి షిఫ్టు దిగిన గనిపనివాళ్ళు ఆడుతున్నారు. కొందరు హెల్మెట్లు తీశారు గానీ మొహాలు కడుక్కోలేదు.

అందులో ఒకడు వెనక్కి వస్తున్నాడు. ఎదురుగా ముగ్గురు పక్‌ అనే రబ్బరు బిళ్ళని తోసుకుంటూ అతని మీదికి వస్తున్నారు. అతను వాళ్ళ వైపు చూస్తూనే వెనక్కి, ఎడమకి, మళ్ళీ కుడికి, తొందర లేకుండా జారుతున్నాడు. కాళ్ళ కింద చప్పుడు లేదు. మూడోవాడు బయటివైపు నుంచి వేగం అందుకున్నాడు. అతను ఊరికే అటు ఒరిగాడు, అంతే, పక్ అతని కర్ర దగ్గర ఉంది. అతనికి పొట్ట వచ్చింది. మెడ చుట్టూ నల్ల మసి.

బొటనవేలు పెట్టి చూడాల్సిన పని లేదు. ఆ స్కేట్లు నాకు తెలుసు.

"అదే మా డానిలో," అన్నాడు ఒరెస్ట్.

డానిలో ఆట ఆపి వచ్చాడు. తమ్ముడి మెడ చుట్టూ చెయ్యేసి తలని చంకలో ఇరికించుకున్నాడు. "ఏరా ప్రొఫెషనల్, తరిమేశారా? సోమవారం నుంచి నాతో గనిలోకి దిగు, అక్కడ ఎవడూ తరమడు." తర్వాత నాతో, "మావాణ్ణి బాగా చూసుకున్నారట. అమ్మ రోజూ మీ ఇంట్లో ఆవిడ గురించే చెబుతుంది," అన్నాడు.

ఇంతదూరం వచ్చి అడగకుండా పోలేకపోయాను.

"నీకు పదహారు నిండిన ఏడు నిన్ను చూడ్డానికి ఎవరూ రాలేదా?"

"నన్నా?" నవ్వాడు. "ఐదేళ్ళయింది. వస్తారన్నారు. టామరాక్ నుంచి ఎవరో పెద్దాయన, ముందు స్కేట్లు చూస్తాడట అని మా కోచ్ చెప్పాడు. రెండ్రోజులు తుడుచుకుంటూ కూర్చున్నా. అమ్మ ఆయన కోసం పిరోగీ కుడుములు కూడా చేసింది. ఆ రోజు మంచు బాగా పడింది. రాలేకపోయుంటాడు. దారి మీకు తెలుసుగా." కర్రతో మంచు మీద తట్టాడు. "ఆ పిరోగీలు ఇదిగో, వీడే మింగాడు."

ఒరెస్ట్ నవ్వాడు. నేను చేతి తొడుగులు తొడుక్కున్నాను.

ఐదేళ్ళ కింద ఆ మంచు నాకూ గుర్తుంది. దారి మూసుకుపోలేదు. నాకే వెళ్ళబుద్ధి కాలేదు. ఇంగ్లిస్ కూడలిలో బ్లూబెర్రీ పై ముక్క తిని, రెండు కాఫీలు తాగి, బండి వెనక్కి తిప్పాను. ఇంటికొచ్చి చీటీ మీద గోల్డ్ పైన్ అని రాశాను. కింద, ఎవరూ లేరు అని రాశాను.

రే మిల్లులో దుంగల బెరడు తీసే దగ్గర చేరాడు. ఇర్మా క్యాంటీన్లో. మా ఇంట్లో మాటలన్నీ ఎప్పుడూ మేడ మీదే ఉండేవి. నవ్వుకున్నా, తిట్టుకున్నా కింద మాకు వినపడేది. ఆ ఏప్రిల్ నుంచి మీద కూడా అడుగుల చప్పుడే. ఇర్మా నాకు ముందులాగే కాఫీ పోసేది. గోల్ కొట్టేవాణ్ణి తెమ్మన్నాను గదా అని ఒక్కసారి కూడా అనలేదు.

శనివారం సాయంత్రం సౌనా, అదే ఆవిరిస్నానపు గది, కాచే అలవాటు మా ఇంట్లో ఎన్నడూ తప్పదు. ఆ వారం రాళ్ళు వేడెక్కాక నేనూ రే కలిసి ఎత్తు బల్ల మీద కూర్చున్నాం. అతని అరచేతుల్లో బెరడు పుల్లలు గుచ్చుకున్న గాట్లు. చెప్పెయ్యాలని ఆ రోజు గట్టిగానే అనుకున్నాను. స్కేట్ల సంగతి, డానిలో సంగతి, చీటీ సంగతి, అంతా.

"రే," అన్నాను. "ఒరెస్ట్ స్కేట్లు."

"తెలుసు మావయ్యా."

నేను అతని వైపు చూశాను.

"అక్టోబర్లోనే కుర్రాడు చెప్పాడు. మీరు పిలిచి అడిగారట గదా. వాళ్ళన్నవని."

"నాతో అనలేదే."

"అని ఏం చెయ్యను? అంటే మీరు ఇంకో స్కేటు ముట్టుకోరు. ఉన్నదదొక్కటే మీకు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇర్మాకి కూడా చెప్పలేదు. వదిలెయ్యండి. పదేళ్ళు మా కోసం ఆ మంచులో పడి తిరిగారు. ఒక్క ఊరు వదల్లేదు. ఒక్కసారి చూపు తప్పింది. అంతేగా."

నోరు తెరిచాను. వేడిగాలి గొంతులోకి పోయింది.

బకెట్లోంచి గరిటెతో నీళ్ళు తీసి రాళ్ళ మీద పోశాను. ఆవిరి బుస్సుమని లేచింది. అతని మొహం కనపడలేదు, నాది అతనికీ కనపడి ఉండదు.

"ఇంకాస్త పొయ్యండి," అన్నాడు రే.

పోశాను.